‘సైకో’ అని తీర్పు చెప్పే ముందు: పంచాయితీ పెద్దమనుషులకు ఒక వకీలు బహిరంగ లేఖ

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊరి పంచాయితీలకు కూర్చునే పెద్దమనుషులకు, కుల సంఘాల పెద్దలకు, పోలీస్ స్టేషన్ల దగ్గర కౌన్సెలింగ్ చేసే సభ్యులకు నమస్కారం.

నేను నల్గొండ కోర్టులో కుటుంబ కేసులు చూసే వకీలును. మీ దగ్గర తెగని పంచాయితీలు కొన్ని నెలలకు ఫైళ్లై మా టేబుళ్ల మీదికి వస్తాయి. ఎవరి దగ్గర ఎంత డిపాజిట్ కట్టించుకున్నారు, ఎవరు మధ్యలో లేచి పోయారు, ఇడుపు కాయితం (పంచాయితీ రాయించే విడాకుల పత్రం) మీద ఎవరెవరు సంతకం పెట్టారు, అన్నీ వాటిలో ఉంటాయి. ఈమధ్య వాటితోపాటు ఇంకో కాగితం కూడా వస్తోంది. ఫోన్లో ఏదో టెస్టు చేసి, వచ్చిన రిజల్టును జిరాక్స్ సెంటర్లో ప్రింటు తీయించి పిన్ను కొట్టిన కాగితం. ‘నా భార్యకు బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్’ అని ఒకరు, ‘నా భర్త నార్సిసిస్ట్’ అని మరొకరు. టెస్టు రాసింది ఎవరని అడిగితే, ఆమె తరఫున అతనే రాశాడు, అతని తరఫున ఆమే రాసింది!

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే లేచి వచ్చేది మీరే. కోర్టులో వాయిదాకు వాయిదాకు మధ్య ఉండే నెలల్లో పిల్లలకు బువ్వ ఎట్లా అని ఆలోచించేదీ మీరే. అందుకే మీకే రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. కేసుల కోసం చదవాల్సి వచ్చి, సైకియాట్రిస్టుల సాక్ష్యాలు విని, వాళ్లను క్రాస్ ఎగ్జామిన్ చేసి నేర్చుకున్నది చెబుతున్నాను. నా మాట ఒక్కటే. పంచాయితీలో మనిషి చేసిన పనికి తీర్పు చెప్పండి. ఆ మనిషికి జబ్బు పేరు పెట్టే పని మీరు చేయకండి, మీ ముందు ఇంకొకరినీ చేయనివ్వకండి.

నకిరేకల్ అవతల ఒక ఊళ్లో నేను కూర్చున్న పంచాయితీ సంగతి చెబుతాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. గ్రామ పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పిలగాని మేనమామ ఫోన్ తీసి ఒక వీడియో పెట్టి, వాల్యూమ్ పెంచి అందరి ముందు తిప్పాడు. “ఇగో సూడుండ్రి పటేలా, చదువుకున్నాయనే చెప్తుండు. ఊకె అలుగుడు, చిన్నదానికి పెద్దగ ఏడ్సుడు, చెయ్యి కోసుకునుడు. అన్నీ మా కోడలికి ఉన్నయ్.” పిల్ల తండ్రి ఊరుకుంటాడా? “మరి మీవోడి సంగతేంది? దినాం ఫోన్ చెక్ చేసుడు, నీళ్ల ట్యాంకు కాడికి పోతె ఎనక వచ్చుడు. గదేం డిజార్డరు?” ఒక పెద్దాయన విసిగిపోయి, “ఇద్దరూ సైకోలే, తెంపేద్దాం పా” అన్నాడు. అంతా నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. మే నెల ఎండలో పొడుగు చేతుల జాకెట్ వేసుకుని, మణికట్టు కనబడకుండా అంచును మాటిమాటికీ కిందికి లాక్కుంటోంది. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఆ ‘పర్సనాలిటీ డిజార్డర్’, అంటే వ్యక్తిత్వ రుగ్మత, అన్న మాటకు డాక్టర్లు చెప్పే అర్థం మనం అనుకున్నంత తేలిక కాదు. ప్రతి మనిషికీ ఒక గుణం ఉంటుంది. ఒకరు పిసినారి, ఒకరు మొండి, ఒకరు అనుమానపు పక్షి, ఇంకొకరు ఎవరైనా నాలుగు మంచి మాటలు అంటే ఆస్తి రాసిచ్చే రకం. ఇవేవీ రోగాలు కావు. జర్మనీ డాక్టర్ కర్ట్ ష్నైడర్ 1923లోనే ఒక కొలత చెప్పాడు: సగటుకు దూరంగా ఉన్న తన గుణం వల్ల తానైనా బాధపడాలి, చుట్టూ ఉన్నవాళ్లయినా బాధపడాలి. ఇప్పటి డాక్టర్లు ఇంకొన్ని చూస్తారు. ఆ తీరు పడుచు వయసు నాటికే మొదలై ఏళ్ల తరబడి సాగాలి. అత్తగారింట్లో ఒకలా, పుట్టింట్లో ఇంకోలా కాకుండా ఇంట్లో, పనిలో, స్నేహాల్లో దాదాపు అన్నిచోట్లా కనబడాలి. దానివల్ల బతుకు నిజంగా కుంటుపడాలి. తాగుడు, ఇంకో మానసిక జబ్బు, తలకు తగిలిన దెబ్బ దానికి కారణం కాకూడదు.

ఈ కొలతతో చూస్తే పెండ్లైన ఆరు నెలలకు మొదలైన చిరాకు పర్సనాలిటీ డిజార్డర్ అయ్యే అవకాశం చాలా తక్కువ. అది చాలావరకు ఆ ఇంట్లో జరుగుతున్నదాని ఫలితం. అదే మనిషి పుట్టింట్లో ఇరవై ఏళ్లు ఎట్లుందో అడిగే ఓపిక మనకుంటే సగం పేర్లు అక్కడే రాలిపోతాయి.

అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వాడే పుస్తకంలో ఈ డిజార్డర్లు 10 రకాలు, మూడు గుంపులు. మొదటి గుంపు ఒంటరిగా, వింతగా కనబడేవాళ్లది: అందరినీ శంకించే పారనాయిడ్, మనుషుల పొత్తే అక్కర లేని స్కిజాయిడ్, విచిత్రమైన నమ్మకాలు, మాటతీరు ఉండే స్కిజోటైపల్. రెండోది ఉద్వేగాలు ఉప్పొంగే గుంపు: ఎదుటివాళ్లనూ చట్టాన్నీ లెక్కచేయని యాంటీసోషల్, ఉద్వేగాలూ బంధాలూ నిలకడగా ఉండని బార్డర్‌లైన్, అందరి చూపూ తన మీదే ఉండాలనుకునే హిస్ట్రియానిక్, తనను మించినవాడు లేడనుకునే నార్సిసిస్టిక్. మూడోది భయస్థుల గుంపు: నలుగురిలోకి రావడానికి జంకే అవాయిడెంట్, సొంతంగా ఏ నిర్ణయమూ తీసుకోలేని డిపెండెంట్, అన్నీ తాను గీసిన గీత మీదే నడవాలనే అబ్సెసివ్ కంపల్సివ్.

ఒక మనిషిలో రెండు మూడు రకాల లక్షణాలు కలిసి కనబడటం మామూలే. డాక్టర్ల మధ్యే దీని మీద ఏళ్లకేళ్లు వాదన నడిచింది. చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త వర్గీకరణలో ఈ రకాలను దాదాపు పక్కనపెట్టింది. ముందు తీవ్రత ఎంతో చూడమంటుంది: కొద్దిగానా, మధ్యస్థమా, తీవ్రమా. ఆ తర్వాత ఏ లక్షణాలు ఎక్కువో రాయమంటుంది. బార్డర్‌లైన్ ఒక్కదాన్నే విడి గుర్తుగా ఉంచింది. ఏళ్లు చదివినవాళ్లే పేర్ల దగ్గర ఇంత వెనకాముందు ఆడుతుంటే, మనం వేపచెట్టు కింద పది నిమిషాల్లో తేల్చేస్తున్నాం.

మీ ముందుకు ఎక్కువగా వచ్చేది అనుమానం. దీని దగ్గర కొంచెం ఆగాలి. ‘మొగోడన్నాక అనుమానం ఉంటది, సర్దుకపోవాలె బిడ్డా’ అనే మాట నేను ఎన్ని పంచాయితీల్లో విన్నానో. కానీ అనుమానాలన్నీ ఒక్కటి కావు. పారనాయిడ్ గుణం ఉన్నవాడు భార్య ఒక్కదాన్నే కాదు, అన్నదమ్ముల్ని, ఎరువుల షాపాయన్ని, బ్యాంకు మేనేజర్ని, పక్క చేను రైతును కూడా నమ్మడు. మామూలు మాటలో కూడా తనకు అవమానం వెతుక్కుంటాడు, పదేళ్ల కిందటి మాటను ఇవాళ తవ్వుతాడు. పడుచుతనం నుంచీ అదే తీరు. ఇంకొకడు నలభై ఏళ్ల దాకా బాగానే ఉండి, ఉన్నట్టుండి భార్య మీద ఒక్క విషయంలో మాత్రమే గట్టి నమ్మకం పెంచుకుంటాడు. దుప్పట్లు వాసన చూస్తాడు, పిల్లలకు డీఎన్ఏ పరీక్ష చేయించాలంటాడు, ఎంత రుజువు చూపినా మారడు. అది డెల్యూజనల్ డిజార్డర్ అనే వేరే జబ్బు కావచ్చు, మందులు వాడాల్సిన జబ్బు. మూడోవాడికి ఏళ్ల తరబడి తాగుడు వల్ల అనుమానం పుడుతుంది, అక్కడ ముందు తాగుడుకు వైద్యం కావాలి. నాలుగోవాడికి ఏ జబ్బూ ఉండదు. భార్యను అదుపులో పెట్టుకోవడానికి అనుమానం వాడికొక కర్ర, అంతే. బయటివాళ్లకు నలుగురూ ఒకేలా కనబడతారు. వీళ్లను వేరు చేయడం సైకియాట్రిస్టు పని. ఆమె ఒంటి మీద దెబ్బలున్నాయా, రాత్రి ఆ ఇంట్లో ఆమె ప్రాణానికి భద్రత ఉందా అని చూడటం మాత్రం మీ పని. దానికి ఏ డాక్టర్ సర్టిఫికెట్ కోసమూ ఆగనక్కరలేదు. 2005 గృహహింస చట్టం కూడా కొట్టినవాడి గుణం ఏ రకమని అడగదు.

ఆ తర్వాత బార్డర్‌లైన్. వీడియోల పుణ్యమా అని ఇది ఇప్పుడు ఆడపిల్లల మీద వేసే ముద్ర అయింది. డాక్టర్ల పుస్తకంలో దీనికి 9 లక్షణాలు ఉన్నాయి, కనీసం 5 ఉండాలి. నావాళ్లు నన్ను వదిలేస్తారేమో అనే భయం, ఇవాళ దేవుడైన మనిషి రేపటికి దయ్యం అయిపోవడం, నేనెవరో నాకే తెలియనట్టుండటం, లోపల ఎప్పుడూ ఖాళీగా అనిపించడం, ఆపుకోలేని కోపం, దుడుకు పనులు, గంటగంటకూ మారే మూడ్, టెన్షన్ ఎక్కువైనప్పుడు కొద్దిసేపు ఈ లోకంలో లేనట్టవడం లేదా అందరినీ అనుమానించడం, తనను తాను గాయపరుచుకోవడం. బయటివాళ్లకు కోపమే కనబడుతుంది. ఆ కోపం కింద ఉండేది భయం. భర్త ఫోన్ ఎత్తకపోతే మనకు చిరాకు వేస్తుంది. ఆ మనిషికి కాళ్ల కింద నేల జారిపోయినట్టు ఉంటుంది. అత్తింటివాళ్లు ‘నాటకం’ అనేది దీన్నే. చేయి కోసుకునేవాళ్లలో చాలామంది ఎవరికీ చూపించరు, దాచుకుంటారు. ఆ అమ్మాయి జాకెట్ చేతుల సంగతి మీకే చెప్పాను కదా. చేయి కోసుకున్నంత మాత్రాన బార్డర్‌లైన్ అని కూడా కాదు. డిప్రెషన్లో కోసుకుంటారు, ఇంట్లో హింస భరించలేక కోసుకుంటారు, హాస్టల్లో పిల్లలు ఒకరిని చూసి ఒకరు కోసుకుంటారు.

ఇక్కడ ఒక మాట గట్టిగానే అంటాను. ‘మందు తాగుతా అని బెదిరిస్తది, తాగది’ అని పంచాయితీలో అనకండి. మన ఇండ్లలో పురుగుమందు డబ్బా మంచం కిందే ఉంటుంది. గడ్డిమందుల్లో పారాక్వాట్ అనేదానికి విరుగుడు లేదు. తాగినాక మనసు మార్చుకుని బతకాలనుకున్నా, డాక్టర్లు చేయగలిగింది చాలా తక్కువ. ఇంతకుముందు ఒకసారి తనను తాను గాయపరుచుకున్న మనిషికి ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. కాబట్టి అటువంటి మాట వినబడిన ఇంట్లో మీరు చెప్పాల్సిన మొదటి తీర్పు, ఆ డబ్బాలన్నీ ఇల్లు దాటించి తాళం వేయించమని. డిపాజిట్ సంగతి తర్వాత చూడొచ్చు. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ల మీద కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందేలా చూడటం ప్రభుత్వ బాధ్యత. ఈ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది.

యాంటీసోషల్ అనేది మీరు ‘రౌడీ’, ‘చీటర్’ అనే మనుషుల్లో కొందరికి వర్తించవచ్చు. అందరికీ కాదు. ఈ పేరు పెట్టాలంటే 18 ఏళ్లు నిండాలి, 15 ఏళ్లలోపే దొంగతనాలు, జంతువులను హింసించడం, ఇల్లు వదిలి పారిపోవడం వంటి తీరు మొదలై ఉండాలి. చిట్టీలు వేసి ఊరిని ముంచి పారిపోయినవాడు నలభై ఏళ్ల దాకా నిక్కచ్చి మనిషి అయితే, వాడిది ఆశ కావచ్చు, అప్పు కావచ్చు, ఈ డిజార్డర్ కాదు. ఒకవేళ డిజార్డర్ ఉన్నా శిక్ష తప్పదు. మతి చెదిరి, తాను చేస్తున్నదేమిటో గానీ, అది తప్పని గానీ తెలియని స్థితిలో ఉన్నవాడికే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవాళ్లకు సాధారణంగా ఆ తెలివి ఉంటుంది. ‘పాపం వాని మనసు బాగలేదు, వదిలేయండి’ అని ఒక తండ్రి కొడుకు కోసం బతిమాలితే జాలిపడండి. కానీ ఆ జాలి ఖరీదును దెబ్బలు తిన్న పిల్ల చేత కట్టించకండి.

నార్సిసిస్ట్ అన్న మాట ఇప్పుడు చదువుకున్న ఆడపిల్లల నోట ఎక్కువ. వాళ్లను నేను తప్పుపట్టను. ఇన్నాళ్లూ చెప్పుకోవడానికి మాటే దొరకని బాధకు ఒక మాట దొరికింది. కాకపోతే కోర్టులో ఆ మాట నిలవదు. ‘వాడు నార్సిసిస్ట్’ అని పిటిషన్లో రాసేకంటే, ‘ఫలానా నెలలో నా ఏటీఎం కార్డు తీసుకున్నాడు, ఫలానా పండుగకు పుట్టింటికి పోనియ్యలేదు’ అని రాస్తే జడ్జిగారు కలం తీస్తారు.

భయస్థుల గుంపు పంచాయితీ దాకా తక్కువగా వస్తుంది. బీటెక్ చదివి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ దాకా పోయి గేటు నుంచి వెనక్కి వచ్చే పిల్లలు, నలుగురు కూర్చున్న పెండ్లికి కూడా పోని పిల్లలు వీళ్లలో ఉండొచ్చు. మనం సోమరి అని తేల్చేస్తాం. పదేపదే చేతులు కడిగే ఓసీడీ వేరు, వస్తువులన్నీ వరుసలో ఉండాలని ఇంటిల్లిపాదినీ సతాయించే అబ్సెసివ్ కంపల్సివ్ గుణం వేరు. మొదటిదానిలో మనిషి తన ఆలోచనలతో తానే నలిగిపోతాడు. రెండోదానిలో తాను చేసేదే కరెక్టు అనుకుంటాడు, నలిగేది ఇంట్లోవాళ్లు.

ఒంటరితనం విషయంలో మాత్రం మన ఊళ్లు పట్నం కంటే నయం. గొర్లతోనే నెలలు గడిపి, మనుషులతో పది మాటలకు మించి మాట్లాడని మనిషిని ఎవరూ డాక్టర్ దగ్గరికి లాక్కుపోరు. అది సరైన పనే. వాడికి బాధ లేదు, ఎవరికీ బాధ పెట్టడం లేదు. అట్లాగే బోనాలకు శివసత్తుకు పూనకం వస్తే అది విచిత్రమైన నమ్మకం లెక్కలోకి రాదు. ఊరంతా పంచుకునే నమ్మకాన్ని రోగలక్షణంగా తీసుకోవద్దని వైద్య పుస్తకాలే చెబుతున్నాయి. 2017 చట్టం మూడో సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. సమాజం పెట్టుకున్న నీతి, ఆచారం, కట్టుబాటు పాటించడం లేదనే కారణంతో ఎవరికీ మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు. వేరే కులం పిలగాణ్ణి చేసుకుంటానన్న అమ్మాయికి ‘మతి తప్పింది’ అనే ముందు ఈ సెక్షన్ గుర్తు చేసుకోండి. అదే సెక్షన్లో ఇంకో మాట ఉంది. ఒకరికి మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన కోర్టు చెప్పకుండా వాళ్లను మతిస్థిమితం లేనివాళ్లుగా లెక్కగట్టకూడదు.

డిజార్డర్‌లా కనబడే ఇంకో సంగతి మన దగ్గర ఎక్కువ. చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట మీదుగా విజయవాడ హైవే పోతుంది. హెల్మెట్ లేకుండా బండి మీద పడి, తలకు దెబ్బ తగిలి బతికి బయటపడ్డవాళ్లు ఈ ఊళ్లలో ఉన్నారు. నుదుటి వెనక ఉండే మెదడు భాగానికి దెబ్బ తగిలితే మనిషి గుణమే మారిపోవచ్చు. నిదానస్థుడు కోపిష్టి అవుతాడు, సిగ్గున్నవాడు బూతులు మాట్లాడతాడు, పైసా పైసా చూసుకునేవాడు అప్పులు చేస్తాడు. భార్య ‘యాక్సిడెంట్ కాకముందు ఈయన ఇట్ల లేకుండె’ అంటే, ఆ ఒక్క ముక్క పట్టుకోండి. అది పుట్టు గుణం కాదు. న్యూరో డాక్టర్‌కు చూపించాల్సిన కేసు. యాక్సిడెంట్ నష్టపరిహారం కేసు నడుస్తుంటే అందులో కూడా చెప్పాల్సిన విషయం.

ఎందుకు వస్తుందని అడుగుతారు. కవలల మీద చేసిన అధ్యయనాలు పుట్టుక వాటా సుమారు నలభై, యాభై శాతం అంటున్నాయి. మిగతాది పెరిగిన తీరు, పడ్డ దెబ్బలు. చిన్నప్పటి హింస, లైంగిక వేధింపు, ఆదరణ లేకపోవడం ఈ ముప్పును పెంచుతాయి. అవి పడ్డ ప్రతి ఒక్కరికీ వస్తుందని కాదు, వచ్చినవాళ్లందరూ అవి పడ్డారనీ కాదు. పాలమూరు నుంచి తల్లిదండ్రులు ముంబై, పుణె దాకా వలస పోయి, పిల్లలు ముసలవ్వ దగ్గరో హాస్టల్లోనో పెరిగిన తరాలు మనవి. ఆ పిల్లల్లో ఎక్కువమంది బంగారంలా ఎదిగారు. కొందరికి మాత్రం ఎవరైనా నమ్మకంగా నిలబడతారన్న ధైర్యమే ఏర్పడలేదు. మర్రిగూడ వైపు వంకర కాళ్లు చూసి ఒకప్పుడు కర్మ అన్నారు, శాపం అన్నారు. నీళ్లలో ఫ్లోరైడ్ అని తెలిశాక ఆ మాట ఆగింది. మనిషి గుణం విషయంలో మనమింకా శాపం దగ్గరే ఉన్నాం. ‘తల్లి అసొంటిదే, బిడ్డ అసొంటిదే’ అనే మాట పిల్ల ముందే అనేస్తాం.

వీళ్లు మారరు అనే మాట కూడా తప్పు. అమెరికాలో బార్డర్‌లైన్ ఉన్న 290 మందిని ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. పదేళ్లలో 93 శాతం మందికి లక్షణాలు తగ్గి, కనీసం రెండేళ్లు తగ్గే ఉన్నాయి. ఉద్యోగం, స్నేహాలు కూడా చక్కబడి పూర్తిగా కోలుకున్నవాళ్లు సగం మంది. మార్షా లైనహాన్ అనే సైకాలజిస్టు ఇలాంటివాళ్ల కోసమే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతి తయారుచేసి, 1991లో దాని ఫలితాలు ప్రచురించింది. కోపం ఉప్పెనలా వచ్చినప్పుడు ఏం చేయాలి, కావాల్సింది తగువు లేకుండా ఎట్లా అడగాలి అని వారం వారం నేర్పే పద్ధతి అది. పదిహేడేళ్ల వయసులో తానే మానసిక ఆసుపత్రిలో ఉన్నానని ఆమె 2011లో బయటపెట్టింది. ఈ రుగ్మతల్లో ప్రధాన వైద్యం మాటలతో, నేర్పుతో చేసేదే. గుణాన్ని మార్చే గోలీ లేదు. డిప్రెషన్, నిద్రలేమి, ఆందోళన వంటివి కలిసి ఉంటే వాటికి మందులు ఇస్తారు. ‘నెల రోజులు గోలీలు మింగింది, ఏం మారలె’ అని పంచాయితీలో ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ తేడా చెప్పండి.

ఎంతమంది ఉంటారు? అనేక దేశాల అధ్యయనాలు కలిపి 2020లో వేసిన లెక్క 7.8 శాతం. మన దగ్గరి లెక్క అడిగితే చూపించడానికి ఏమీ లేదు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు ఎంచుకున్న 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు.

విడాకుల సంగతి కూడా తేటగా చెప్పాలి, ఎందుకంటే ఆ ప్రింటు కాగితం వచ్చేది దానికోసమే. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్లో మానసిక రుగ్మత ఒక కారణంగా ఉంది. విపరీతమైన దౌర్జన్యం, తీవ్రమైన బాధ్యతారాహిత్యం కలిగించే ‘సైకోపతిక్ డిజార్డర్’ అన్న మాట కూడా 1976 సవరణతో వచ్చి చేరింది. అది చూసి కొందరు ఎగిరి గంతేస్తారు. అదే సెక్షన్లో, అవతలి మనిషితో కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రంగా ఉండాలని రాసి ఉంది. జబ్బు పేరు ఉంటే చాలదు, ఎంత తీవ్రత అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు 1988లోనే స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు కేసులో స్పష్టం చేసింది. స్కిజోఫ్రీనియాకే అంత కొలత అడిగిన కోర్టు, ఫోన్ టెస్టుకు విడాకులు ఇస్తుందా? మీరు రాయించే ఇడుపు కాయితం కూడా ఆ కులంలో అటువంటి ఆచారం ఉందని రుజువైతేనే చెల్లుతుంది. రేపు ఆ పిల్లకు రెండో పెండ్లి చేస్తే మొదటి పెండ్లి ఇంకా బతికే ఉందని కేసు పడొచ్చు. పైగా ‘పిచ్చిది’ అని కాగితం మీద రాసి పంపిస్తే ఆ పేరు ఆమె కంటే ముందే పుట్టింటి ఊరికి చేరుతుంది.

మీ చేతుల్లో ఉన్న పనులు కొన్ని అడుగుతున్నాను. పంచాయితీలో వీడియోలు చూపించనివ్వకండి. ‘సైకో’, ‘మెంటల్’, ‘ఎర్రగడ్డ కేసు’ అన్న మాట వస్తే అన్నవాళ్లను అక్కడే ఆపండి, అది మీలో ఒకరు అన్నా సరే. ఆమెనూ అతన్నీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడండి, ఆమె దగ్గర ఒక ఆడమనిషి ఉండాలి. చంపుకునే మాట, కొట్టే మాట వినబడితే కలిపి పంపే తీర్పు ఆ రోజు చెప్పకండి. డాక్టర్ దగ్గరికి పంపాలనిపిస్తే ఇద్దరినీ పంపండి. కోడలిని ఒక్కదాన్నే పంపితే అది వైద్యం కాదు, సాక్ష్యం తయారుచేసుకోవడం. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండలో, సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. వాటి ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఎక్కడని అడగండి. బీబీనగర్ ఎయిమ్స్ కూడా మనకు దూరం కాదు. దర్గాకు, గుడికి పోయేవాళ్లను ఆపకండి, మనసు కుదుటపడితే మంచిదే. కానీ అక్కడికి పోయి వచ్చినాక ఆసుపత్రికి కూడా పొమ్మని చెప్పండి.

బస్సు కిరాయి కూడా లేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు 14416 మీద ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. హింస ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్. ఉచితంగా వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, ఫోన్ 15100. మీ గ్రామ పంచాయతీ గోడ మీద ఈ మూడు నంబర్లు పెయింటుతో రాయించండి. మీ మండలంలో పెద్దమనుషులందరూ ఒకచోట కూర్చుంటామంటే, మెడికల్ కాలేజీ నుంచి ఒక సైకియాట్రిస్టును తీసుకురావడానికి నేను తిరుగుతాను. మీరు అడగాలనుకున్నవి ఆయననే అడగండి. ఆదివారమైతే నాకు కోర్టు ఉండదు.

ఇట్లు,
నల్గొండ కోర్టులో కుటుంబ కేసులు చూసే ఒక వకీలు